కనిపించని చెవి మిషను

చెవుడంత సుఖం ఇంకొకటి లేదు. నమ్మరా? ఏళ్ల తరబడి అనుభవించినవాణ్ణి, నా మాట వినండి. మీకు ఎలాగూ వినపడుతుంది కదా!

పై వాటా కుర్రాడు డ్రమ్స్ నేర్చుకుంటున్నాడని మా ఆవిడ తల పట్టుకుంటే, సరిగ్గా ఆ డ్రమ్ముల కిందే నేను హాయిగా కునుకు తీసేవాణ్ణి. ఆఫీసు మీటింగుల్లో మేనేజరు ఏమన్నా తల ఊపేవాణ్ణి. అందుకని నాకు ఓపికమంతుడన్న పేరొచ్చింది. ప్రమోషన్ కూడా వచ్చింది!

ఇంత సుఖం మా అమ్మాయి కంట్లో పడింది. ఒక రోజు తను ఫోన్ చేసి, ఉద్యోగం పోయిందని చెప్పిందట. నేను, "చాలా సంతోషం తల్లీ, వచ్చేటప్పుడు మిఠాయి తీసుకురా" అన్నానట. మర్నాడే నన్ను చెవుల క్లినిక్కుకు లాక్కెళ్లింది.

అక్కడ పరీక్ష చేసినావిడ బల్ల మీద మూడు రకాల మిషన్లు పెట్టింది. మొదటిది చెవి వెనక తగిలించుకునేది. నా చెవి వెనక ఖాళీ ఎక్కడిది? కళ్లజోడు కాడ ఉంది, రంగు అందని వెంట్రుకలున్నాయి. రెండోది చెవి గుంట నిండా కూర్చునేది. పెట్టి చూసుకుంటే, ఎవరో నమిలిన చూయింగ్ గమ్ అంటించినట్టుంది. మూడోది పెసరగింజంత. లోపలికి దూరిపోతే దేవుడికి కూడా కనపడదు.

నాకు అదే కావాలన్నాను. ఆవిడ చాలాసేపు ఏదో చెప్పింది. అలవాటు ప్రకారం తల ఊపాను. నాకున్నంత చెవుడికి ఆ గింజ చాలదనీ, దాని బ్యాటరీ నా లావుపాటి వేళ్లకు చిక్కదనీ, చెవి వెనకదే మేలనీ చెప్పిందని దారిలో మా అమ్మాయి అరిచి చెప్పింది. అప్పటికే నేను డబ్బు కట్టేశాను.

రోజుకు వందసార్లు "ఆఁ? ఏంటీ?" అంటే బయటపడని వయసు, చెవి వెనక చిన్న ముక్క కనపడితే బయటపడుతుందా? పడుతుందనే నా గట్టి నమ్మకం!

గింజ ఈల వేసేది. లిఫ్టులో ఆ ఈల విని అందరూ ఎవరి ఫోన్లు వాళ్లు తీసి చూసుకుంటుంటే, నేనూ నాది తీసి చూసుకునేవాణ్ణి. బ్యాటరీ మార్చిన ప్రతిసారీ అది జారిపడేది. ఇంటిల్లిపాదీ టార్చి పట్టుకుని నేల మీద పాకేవాళ్లు. ఒకసారి మా ఆవిడ చెప్పుకు అంటుకుని దొరికింది.

చివరికి ఒక మీటింగులో, చెవి దురద పెట్టి గోకితే గింజ ఊడి బల్ల మీద పడింది. మేనేజరు దాన్ని మాత్ర అనుకున్నాడు. మంచినీళ్ల గ్లాసుతో సహా నా ముందుకు జరిపి, వేసుకోమని సైగ చేశాడు. అందరూ నన్నే చూస్తున్నారు. ఏం చేయను? వేసుకున్నాను! మింగలేదు లెండి, దవడన దాచాను. కానీ ఆ తర్వాత అది మళ్లీ పలకలేదు.

అలా చెవి వెనక మిషను నా చెవికెక్కింది. ఎవరేమంటారో అని ఆఫీసంతా రెండుసార్లు తిరిగాను. ఎవరూ గమనించలేదు. అసలు నన్నెవరూ చూడరని అప్పుడే తెలిసింది.

ఇంటికొచ్చాను. ఫ్రిజ్ గురగురలు వినపడ్డాయి, కుళాయి కారడం వినపడింది, నా కీళ్ల చప్పుడూ వినపడింది. మనుషుల మాటలే లేవు. మా ఆవిడ నోటి దగ్గర వేళ్లు పెట్టి చూపిస్తే భోజనం, గుమ్మం వైపు చూపిస్తే ఎవరో వచ్చారని. మా అమ్మాయి పక్క గదిలోంచి మెసేజ్ పెడుతుంది. వాళ్లకు అదే అలవాటైపోయింది. మాట్లాడుతున్నారు, నాకే వినపడటం లేదని ఇన్నాళ్లూ నా భ్రమ.

గిన్నెలు తుడుస్తున్న మా ఆవిడ దగ్గరికి వెళ్లి, "ఏదైనా మాట్లాడు, ఇప్పుడు వినపడుతోంది" అన్నాను.

"ఏం మాట్లాడను? మంచివన్నీ ఎప్పుడో చెప్పేశాను. మీకు వినపడలేదు."

"పోనీ, మళ్లీ చెప్పొచ్చుగా."

"మెల్లగా చెప్పిన మాటలండీ అవి. అడిగితే వచ్చేవి కావు." గిన్నె పక్కన పెట్టి నా వైపు తిరిగింది. "తిట్లయితే చాలానే మిగిలున్నాయి. కావాలా?"

నేను మిషన్ సౌండు పెంచి, స్టూలు దగ్గరికి లాక్కుని కూర్చున్నాను.