నీళ్లడగని తోట

బోగోలు సముద్రపొడ్డున మంత్రిగారు కట్టుకున్న కొత్త ఇంటి ముందు రాష్ట్రంలోనే మొట్టమొదటి 'నీళ్లడగని తోట' వెలుస్తుందని మైకులో చెప్పినారు. అన్నీ మన నేల మొక్కలే, చుక్క నీరు వృథా కాదన్నారు. మా పాళెం వాళ్లమంతా చప్పట్లు కొట్టినాము.

తోట ఇన్‌చార్జి నరేంద్రబాబుగారు చురుకైన ఆఫీసరు. మర్నాడే జేసీబీతో వచ్చి, మా కంచెల్లోని తంగేడు, కలబంద, మొగలి పెళ్లగించి, మండుటెండలో వరసగా నాటించినారు. మా ఇళ్ల దగ్గర ఉన్నన్నాళ్లు అవి ఎవరినీ నీళ్లడిగి ఎరగవు. మంత్రిగారి గేటు దాటగానే తలలు వాల్చేసినాయి.

మా పాళెంలో బోరు నీళ్లు ఉప్పు. తాగేందుకు రోజూ వచ్చే ట్యాంకరే దిక్కు. ఆ ట్యాంకరు నేరుగా తోటకు పోయింది.

మా పక్కింటి మస్తానమ్మ కోడలు పచ్చి బాలింత. మస్తానమ్మ బిందె చంకనేసుకుని గేటు దగ్గర నరేంద్రబాబుగారికి ఎదురుగా నిలబడింది.

"ఏంది సార్, నీళ్లడగని తోటకి ట్యాంకరెందుకు?"

"తోట అడగలేదమ్మా. మేమే ఇస్తున్నాం."

"మేం అడగతా ఉండాం గదా సార్!"

"అదే మీతో వచ్చిన చిక్కు."

"ఇట్టా ఎన్నాళ్లు?"

"పొదుపు అలవాటయ్యేదాకా."

"మొక్కలకా?"

"ఇద్దరికీ."

నీళ్లెక్కువై కలబంద కుళ్లింది. ఆయన దాన్ని ఎండదెబ్బగా గుర్తించి, పక్క పాళెం ట్యాంకరు కూడా తెప్పించినారు. తంగేడు పూలు రాలిపోతే నెల్లూరు నుంచి చామంతులు తెచ్చి కొమ్మలకు కట్టించినారు. పసుపు పసుపే గదా అన్నారు. అంతటి సమయస్ఫూర్తి అందరికీ రాదు.

మేము ఇసుకలో చెలమ తవ్వుకున్నాము. అడుగున ఊరే కాసిని మంచినీళ్లు గరిటెతో తోడి బిందెలో పోసుకోవడం మా పని. బిందె నిండేసరికి పూట గడిచేది. బాలింతకు ముందు పోసి, మిగిలింది మేము తాగినాము.

ప్రారంభోత్సవం రోజు మంత్రిగారు కారులోంచి మమ్మల్ని చూసినారు.

"ఆ ఆడవాళ్లు గరిటెతో ఏం చేస్తున్నారయ్యా?"

నరేంద్రబాబుగారు రెప్ప కూడా వాల్చలేదు. "నీళ్లు కొలిచి వాడుకుంటున్నారు సార్. మన తోట చూసి నేర్చుకున్నారు."

మంత్రిగారి కళ్లు చెమర్చినాయి. మస్తానమ్మను వేదిక మీదికి పిలిచి శాలువా కప్పినారు. గరిటెతో నీళ్లు వాడే ఇలాంటి ప్రజలకు ట్యాంకరు పంపడం వాళ్లను అవమానించడమేనని, ఈ రోజు నుంచే దాన్ని రద్దు చేస్తున్నామని ప్రకటించినారు. ముందు వరసలో కూర్చున్న వాళ్లు లేచి నిలబడి చప్పట్లు కొట్టినారు.

"సార్, ఇంట్లో పసిబిడ్డ..." అనబోయింది మస్తానమ్మ. బ్యాండు మోగింది.

బహుమతిగా ఆమె చేతిలో తంగేడు మొక్క ఉన్న కుండీ పెట్టినారు. నరేంద్రబాబుగారు వంగి, ఆమె చెవిలో మెల్లగా చెప్పినారు:

"పొద్దున ఒక బిందె, సాయంత్రం ఒక బిందె పొయ్యమ్మా. ఎండిపోయిందంటే నీ మీద రిపోర్టు రాయాల్సొస్తుంది."