పక్షిప్రేమ పాఠానికి అడ్డొచ్చిన గువ్వ

ఖాజాగూడ ప్రాథమిక పాఠశాల పిల్లలు ఇకమీదట ప్రకృతిని శాస్త్రీయంగా చూస్తారని ఇందుమూలంగా యావన్మందికీ తెలియజేయడమైనది. అంతవరకూ వాళ్ళు దాన్ని ఊరికే చూసేవారు. బండలెక్కి, చెరువులో దూకి, మోకాళ్ళు గీరుకుని ఇంటికి చేరేవారు. ఎంత అనాగరికం!

పంతొమ్మిది వందల డెబ్బయ్యయిదులో సర్కారువారు ఆ బడికి టెలివిజన్ పెట్టె దయచేశారు. కోళ్ళగూళ్ళకు వాడే ఇనపజాలీతో పెద్ద గొడుగు చేసి, బడికప్పు మీద వెల్లకిలా నిలబెట్టారు. ఉపగ్రహం పంపే పాఠాలు అందులో పడతాయట. వెలుతురుంటే బొమ్మ కనపడదు కనుక కిటికీలకు గోనెపట్టాలు కొట్టారు. చెరువూ బండలూ కనుమరుగై, చదువుకు పట్టిన పీడ విరగడైంది. చెట్లు నలుపూ తెలుపూ రంగుల్లో ఉంటాయని పిల్లలు త్వరలోనే తెలుసుకున్నారు.

ఇంతలో ఒక విద్రోహచర్య జరిగింది. ఒక గువ్వ ఏ అనుమతీ లేకుండా ఆ గొడుగులో గూడు కట్టి రెండు పిల్లల్ని లేపింది. పెట్టెలో బొమ్మ వణకసాగింది. తెల్లవారితే 'పక్షిప్రేమ' పాఠం. విద్యాధికారి భీమేశ్వరరావుగారు స్వయంగా వేంచేస్తున్నారు. ప్రధానోపాధ్యాయులు పార్థసారథిగారు గూడు తొలగించమని ఉత్తర్వు వేశారు.

మూడో తరగతి చంద్రమ్మ నిచ్చెనకు అడ్డం నిలబడింది. పక్క బండెక్కి ఆ గువ్వను గుడ్లప్పట్నుంచీ చూస్తున్న పిల్ల.

"సారూ, వాటికి ఇంక రెక్కలు రాలే. జర నాలుగు దినాలు ఆగుండ్రి. అవే ఎగిరిపోతయ్."

"నీ గువ్వ కోసం ఉపగ్రహం ఆగుతుందటే? పక్షులంటే ప్రేమ ఉండాలమ్మా! అది నేర్పడానికే కదా మా తంటాలన్నీ!"

కన్నతల్లికి కూడు పెట్టనివాడు పినతల్లికి చీర పెడతానన్నాడట అని గిట్టనివాళ్ళు గొణిగారు. గిట్టనివాళ్ళు ఏ ఊళ్ళోనైనా ఉంటారు. గూటిని సకల మర్యాదలతో తట్టలో దించి ప్రహరీగోడ మీద పెట్టించారు. పిల్లి విషయమై ఉత్తర్వులో ఏమీ లేదు. పిల్లి తన పని తాను చూసుకుంది.

మర్నాడు బొమ్మ నిలకడగా వచ్చింది. పెట్టెలో పెద్దమనిషి తియ్యగా చెబుతున్నాడు: "బాలలారా! పక్షిగూటిని ఎన్నడూ కదపరాదు. తల్లి ఎంత తల్లడిల్లుతుందో!"

గువ్వ కూత వినిపించింది. ఆగి ఆగి, మళ్ళీ మళ్ళీ.

భీమేశ్వరరావుగారు పరవశించిపోయారు. "ఆహా, ఏం ధ్వనండీ! అచ్చం కిటికీ అవతల కూసినట్టే ఉంది!"

"కిటికీ అవతల్నే ఉన్నది సారూ," అంది చంద్రమ్మ. "నిన్నట్సంది పిల్లల్ని దేవులాడుతున్నది."

"ష్! పాఠం విను," అన్నారు పార్థసారథిగారు.

చంద్రమ్మ భోరుమంది. ఆమెతోపాటు తరగతంతా ఏడ్చింది. అధికారిగారు కళ్ళద్దాలు తుడుచుకుని లేచి ప్రసంగించారు. "ఈ కన్నీళ్ళే సాక్ష్యం! శతాబ్దాలుగా ఈ బండల మధ్య బతికినా కలగని పక్షిప్రేమ, ఒక్క పాఠంతో కలిగింది!" ఆ ఏడు బడికి బహుమానం వచ్చింది. ప్రేమకు మళ్ళీ అంతరాయం కలగకుండా గొడుగు చుట్టూ ముళ్ళకంప కట్టించారు.

ఇది చదివి తమరు అయ్యో పాపం అన్నారు. చాలా సంతోషం. తమ ఇంట్లో పంకా మీది పిచ్చుకగూడు మొన్న ఎవరు దులిపించారని మేము అడగబోము.