కాకరకాయను బట్టి స్తోత్రం

నా పేరు నిత్యానందం. నవ్వకండి. ఆ పేరు మా నాన్న పెట్టాడు, నేను పెట్టుకోలేదు. పుట్టగానే మూడు రోజులు ఏకధాటిగా ఏడ్చానట. అయినా ఆయన పేరు మార్చలేదు.

ఇల్లు భీమడోలులో, ఉద్యోగం తాడేపల్లిగూడెం రైసుమిల్లులో. ఇరవై రెండేళ్ళు ధాన్యం లారీలు తూచే కాటా దగ్గర కూర్చున్నాను. మొన్న జూన్‌లో మిల్లు మూతపడింది. ఓనరుగారు నా భుజం తట్టి, ఇక ఇంటిపట్టున విశ్రాంతి తీసుకోమన్నారు. ఆయన తట్టిన చోట ఇప్పటికీ నొప్పిగానే ఉంది.

ఈ సంగతి ఇంట్లోవాళ్ళకు తప్ప ఎవరికీ తెలియనివ్వలేదు. చర్చిలో ఎవరైనా అడిగితే "లాంగ్ లీవండీ" అనేవాణ్ణి. ఊళ్ళో లారీలన్నీ తూచినవాణ్ణి, మా ఆవిడ రత్నం జాకెట్లు కుడుతుంటే కూర్చుని తింటున్నానని ఎలా చెప్పను? సిగ్గేసింది.

ఖాళీగా కూర్చున్నవాడికి లోకంలోని లోపాలన్నీ కనబడతాయి. టీ పల్చగా ఉంది. ఫ్యాను మూలుగుతోంది. రెండు రోజులుండి పోతానని దెందులూరు నుంచి వచ్చిన మా అత్తగారు రెండు వారాలైనా కదలడం లేదు. ఇవన్నీ నేను పొద్దున్నుంచి సాయంత్రం దాకా పైకే చెప్పేవాణ్ణి.

ఒకరోజు రత్నం కుట్టుమిషను ఆపి, ఖాళీ ఆవకాయ జాడీ తెచ్చి నా ముందు పెట్టింది.

"ఆవకాయ అయిపోయిందా?" అన్నాను.

"అయిపోయిందండీ. ఇకనుంచి ఇందులో స్తోత్రాలే. మీరు గొణిగినప్పుడల్లా ఒక చీటీ మీద దేవుడికి స్తోత్రం రాసి ఇందులో వెయ్యాలి. సెప్టెంబరు ఆఖరి ఆదివారం మనింట్లో కృతజ్ఞత కూడిక. మీరు లేచి దేవుడు చేసిన మేలు గురించి సాక్ష్యం చెప్పాలి."

"కృతజ్ఞత కూడికా! ఉద్యోగం వస్తే పెడతారు గానీ పోతే పెడతారా?"

"వచ్చినప్పుడు ఎవరైనా పెడతారండీ."

"అందరి ముందూ ఏం చెప్పమంటావు?"

"ఉన్నది చెప్పండి."

ఆ ఉన్నదే కదండీ నేను మూడు నెలలుగా దాస్తున్నది! ఎలాగైనా రత్నానికి ఈ స్తోత్రాలంటే విసుగు పుట్టించి, కూడిక మానిపించాలనుకున్నాను. ఆలోచించగా ఒక మాట దొరికింది.

మా చర్చి భాషలో 'బట్టి' అని ఒక మాట ఉంది. 'వానను బట్టి స్తోత్రం' అంటే వాన కురిపించినందుకు దేవుడికి ధన్యవాదాలని. 'నిన్ను బట్టే కదా ఈ తిప్పలు' అని తిట్టాలన్నా అదే మాట. ఇంత వాటమైన మాటను మన పెద్దలు ప్రార్థనలకే ఎందుకు వాడుకున్నారో నాకు అర్థం కాలేదు.

ఆ రోజే మొదటి చీటీ రాశాను. 'వరసగా రెండో రోజు కాకరకాయ కూరను బట్టి స్తోత్రం.'

సాయంత్రం కుటుంబ ప్రార్థనలో రత్నం అది తీసి చదివింది. తగలాల్సిన చోట తగిలిందని లోలోపల సంతోషించాను.

"ఏవండీ! మీకు కాకరకాయంటే ఇంత ఇష్టమా? ఇన్నేళ్ళ కాపురంలో ఒక్కరోజైనా చెప్పారు కాదే!" అంది కళ్ళు పెద్దవి చేసి.

మర్నాడు కాకరకాయ వేపుడు. ఆ మర్నాడు కాకరకాయ పులుసు. ఆ తర్వాత గుత్తి కాకరకాయ.

కాకరకాయ అచ్చిరాలేదని రెండో చీటీ అత్తగారి మీద రాశాను. 'అత్తయ్యగారు రెండు వారాలుగా మా ఇంట్లోనే ఉన్నదాన్ని బట్టి స్తోత్రం.' అది విని ఆవిడ కొంగుతో కళ్ళొత్తుకున్నారు.

"కన్నకొడుకులు కూడా ఇంత మాట అనలేదు బాబూ! మీరింతగా అడుగుతుంటే వెళ్తానా? క్రిస్మస్ దాకా ఉంటాను."

మూడో రోజుకల్లా దెందులూరు నుంచి ట్రాలీ ఆటోలో ఆవిడ మంచం దిగింది. దాన్ని లోపలికి మోసింది నేనే.

ఇక పాస్టరు సత్యవేదంగారు. ఆయన ప్రార్థన పాసింజరు రైలు లాంటిది. సృష్టి దగ్గర బయల్దేరి ప్రతి స్టేషన్లోనూ ఆగుతుంది. భీమడోలు చేరేసరికి వాయిద్యాలవాళ్ళు కూడా కునుకు తీస్తుంటారు. 'అయ్యగారి దీర్ఘ ప్రార్థనను బట్టి స్తోత్రం' అని రాశాను. రత్నం వెంటనే ఫోన్ చేసి ఆయనకు చదివి వినిపించింది.

మర్నాడు ఉదయం ఆరింటికి గుమ్మంలో పాస్టరుగారు.

"వందనాలు బ్రదర్! నేను కళ్ళు మూసుకోగానే అందరూ వాచీ చూసుకుంటారు. నా ప్రార్థన రుచి మీ ఒక్కరికే తెలిసింది. ఇక రోజూ వస్తాను."

వచ్చారు. నేను మోకాళ్ళ మీద ఉండగానే పాలు కాగాయి, టీ చల్లారింది, రెండు రైళ్ళు వెళ్ళిపోయాయి. మోకాళ్ళు నొప్పెడుతున్నాయని పైకి అనే ధైర్యం మాత్రం నాకు లేకపోయింది. అంటే మళ్ళీ చీటీ రాయాలి. రాసింది రాసినట్టు రెట్టింపై తిరిగొస్తోంది. ఆ దెబ్బకు పది రోజుల్లో గొణగడమే మానేశాను.

కూడిక మాత్రం ఆగలేదు. ఆదివారం సాయంత్రం వాకిట్లో షామియానా, అద్దె కుర్చీలు. వచ్చినవాళ్ళకు పలావు, కోడికూర. నాకు ప్రత్యేకంగా ఒక గిన్నెలో కాకరకాయ. ముందు వరసలో రత్నం పట్టుబట్టి కూర్చోబెట్టిన పాపారావుగారు. కొల్లేటి పక్క చేపల చెరువులున్న ఆసామి, పేరులో తప్ప ఎక్కడా పాపం ఎరగని మనిషి.

"ఇప్పుడు బ్రదర్ నిత్యానందం సాక్ష్యం!" అన్నారు పాస్టరుగారు.

లాంగ్ లీవు మీద ఒక సాక్ష్యం అల్లి, బట్టీ పట్టి మరీ ఉంచుకున్నాను. లేచి నిలబడ్డాను. రత్నం జాడీ చేతికిచ్చింది.

"ఒక్క చీటీ తీసి చదవండి, చాలు."

చదవడమే కదా, బతికాననుకుని ఒకటి తీశాను. ఆవకాయ నూనె మరకల మధ్య రత్నం రాత.

'ఇరవై రెండేళ్ళు నిలబడే రైల్లో వెళ్ళొచ్చి మమ్మల్ని పోషించిన మా ఆయన్ని బట్టి స్తోత్రం. ఇప్పుడు మధ్యాహ్నం పూట ఆయన ఎదురుగా కూర్చుని తింటున్నదాన్ని బట్టి స్తోత్రం.'

ఈ మూడు నెలలూ తలదించుకుని తిన్న ప్రతి ముద్దకూ ఎదురుగా కూర్చుని ఆమె స్తోత్రం చెప్పుకుంటోందన్నమాట. అల్లుకున్న సాక్ష్యం ఒక్క ముక్క గుర్తుకు రాలేదు.

"లీవు కాదండీ," అన్నాను. "మిల్లు మూసేశారు. ఉద్యోగం పోయింది. చెప్పడానికి సిగ్గేసి మీ అందరికీ అబద్ధం ఆడాను. అయినా మా ఇంట్లో ఒక్క పూట పొయ్యి వెలగకుండా లేదు. రత్నాన్ని బట్టి దేవుడికి స్తోత్రం."

ఆ మాటకు ఈసారి ఒకటే అర్థం. వెనక అత్తయ్యగారు గట్టిగా ముక్కు చీదారు.

ఇంతలో పాపారావుగారు లేచారు.

"అయ్యో, అదేంటండీ! నా చేపల కాటా దగ్గరికి నమ్మకమైన మనిషి కోసం మూడు నెలలుగా వెతుకుతున్నాను. మిమ్మల్నే అడుగుదామనుకున్నానండీ. లీవులో ఉన్నారన్నారు కదా, మిల్లువాళ్ళ మనిషిని లాక్కున్నట్టుంటుందని ఊరుకున్నాను. రేపటినుంచి రాగలరా?"

నేను రత్నం వైపు తిరిగాను. "నీకు ముందే తెలుసా?"

"తెలుసండీ. వాళ్ళావిడ జాకెట్లు కుట్టేది నేనేగా."

"మరి ఆయనకు నువ్వే చెప్పొచ్చుగా?"

"నేను చెబితే మీ పరువు పోయేదండీ. మీరు చెబితే సాక్ష్యమైంది."

"అయితే కాకరకాయ సంగతి..."

"ఇన్నేళ్ళు మీ గొణుగుడు విన్నదాన్ని, కాగితం మీద పెడితే పోల్చుకోలేనా?"

"తెలిసే మీ అమ్మ మంచం తెప్పించావా!"

"మీరు అడిగారు, దేవుడిచ్చాడు," అంది తాపీగా.

పాపారావుగారు చెయ్యి కలిపారు. "చేపలు పట్టేది తెల్లారగట్లండీ. నాలుగింటికల్లా గట్టు మీద ఉండాలి."

"నాలుగింటికా! ఆ కొల్లేటి దోమల్లో..." అని నోరు జారాను.

రత్నం జాడీ నా ముందుకు జరిపి, కలం ఇచ్చింది. తప్పుతుందా? 'నాలుగింటి డ్యూటీని బట్టి స్తోత్రం' అని రాశాను. నా భుజం మీదుగా చూస్తున్న పాస్టరుగారి కళ్ళు చెమర్చాయి.

"ఎంత విశ్వాసం బ్రదర్! అయితే రేపటినుంచి నేను ఆరింటికి కాదు, రెండున్నరకే వస్తాను. ప్రార్థన చేసి మరీ పంపిస్తాను."

ఇప్పుడు ధాన్యం తూచడం లేదు, చేపలు తూస్తున్నాను. జాడీలో వేసే ముందు చీటీలు కూడా తూస్తున్నాను.