సగం దారి టర్బో, సగం దారి సహజం

శనివారం ఉదయం ఆరున్నరకు వాల్లి వంటింటి బల్ల మీద కాగితం పరిచి, ఎదురుగా కూర్చుని తెల్ల సాసేజీల తోలు వలుస్తున్న ఇద్దరు మగవాళ్ళకు చదివి వినిపించింది. తొమ్మిదింటికి పంచాయతీ ఆఫీసులో సంతకాలు. పదిన్నరకు ఊళ్ళోంచి బయల్దేరడం. పదకొండింటికి కొండమీది చర్చిలో పెళ్ళి. పదకొండుంబావుకు కాదు, పదకొండింటికే. ఎందుకంటే నాలుగు ఊళ్ళకు ఫాదర్ ఎమ్మెరమ్ ఒక్కరే. పన్నెండున్నరకు పక్క ఊళ్ళో ఒక పసిబిడ్డకు జ్ఞానస్నానం ఉంది కనుక, పెళ్ళి మొదలైనా కాకపోయినా పన్నెండింటికి ఆయన కొండ దిగిపోతారు. మళ్ళీ ఆయనకు తీరిక దొరికేది అక్టోబరులో.

"అర్థమైందా?" అంది వాల్లి.

"నాకు అర్థమైంది. బావకు నిదానంగా చెప్పు. ఆయనకు పాత ఇంజను," అన్నాడు కోర్బినియన్.

"నాది వెంటనే అందుకుంటుంది బావా. నొక్కాక ఒక క్షణం ఆలోచించేది నీది," అన్నాడు ఆలోయిస్.

ఆలోయిస్ వాల్లికి అన్న. ఆ చర్చిలో ముప్ఫై ఒక్క ఏళ్ళుగా, గొట్టాల్లో గాలితో పలికే ఆర్గాన్ వాయిస్తున్నాడు. ఆయన కారు పద్దెనిమిదేళ్ళనాటి పెద్ద కారు. ఆరు సిలిండర్లు, తోలు సీట్లు, ఎవరి సాయమూ లేకుండా తన గాలి తానే పీల్చుకునే ఇంజను. కోర్బినియన్ వాల్లికి మరిది. కలప మిల్లు యజమాని, ఊరి బ్యాండులో ట్యూబా అనే పెద్ద బూర ఊదుతాడు. ఆయన కొన్నది నిరుడు వచ్చిన కొత్త కారు. అదీ ఖరీదైనదే, కాకపోతే నాలుగు సిలిండర్లతో సరిపెట్టి, లోపలికి గాలి తోయడానికి టర్బో బిగించారు. బయటికి పోయే పొగతో ఒక చిన్న చక్రం తిరుగుతుంది, ఆ చక్రం గాలిని కుక్కి ఇంజన్లోకి నెడుతుంది. ఏది గొప్ప అన్న విషయం మీద ఈ ఇద్దరూ ఏడాదిగా వాదించుకుంటున్నారు. ఈస్టరు పండగ భోజనం కూడా ఆ వాదనతోనే చల్లారింది.

పెళ్ళికూతురు ఆఫ్రా, వాల్లి బిడ్డ. ఆరేళ్ళప్పుడు తండ్రి పోతే, సైకిలు తొక్కడం మామయ్య నేర్పాడు, ఈత బాబాయి నేర్పాడు. అందుకని పెళ్ళికూతుర్ని చర్చికి తీసుకెళ్ళే కారు తనదే కావాలని ఇద్దరికీ పట్టుదల. రెండు వారాల రభస తర్వాత ఆఫ్రా తీర్పు చెప్పింది. సగం దారి బాబాయి కారు, సగం దారి మామయ్య కారు. మధ్యలో, జెన్జి నడిపే చిన్న హోటల్ దగ్గర, కారు మారుతుంది. ఇంతకన్నా న్యాయమైన తీర్పు ఆ జిల్లా కోర్టులో కూడా దొరకదని ఊరంతా మెచ్చుకుంది. న్యాయం ఎక్కువైతే ఏమవుతుందో ఊరికి అప్పటికి తెలియదు.

సంతకాలు సజావుగా జరిగాయి. పదిన్నరకు పెళ్ళికొడుకు క్విరిన్, చుట్టాలు, బ్యాండువాళ్ళు ముందుగా కొండెక్కేశారు. ఆలోయిస్ తన కారుతో వెళ్ళి జెన్జి హోటల్ ముందు కాచుకున్నాడు. ఎండ తగిలి మేనకోడలి ముఖం వాడుతుందని వెనక అద్దాలకు తెరలు కూడా దించాడు. కాసేపటికి కోర్బినియన్ కారు మలుపు తిరిగి వచ్చి ఆగింది. ఆగిందే కానీ ఇంజను ఆగలేదు.

"ఆపవయ్యా బాబూ, ఆ పొగ పూలబుట్టల మీదికి వస్తోంది," అన్నాడు ఆలోయిస్, పొగ వంక చూపిస్తూ.

"రెండు నిమిషాలు ఓపిక పట్టు బావా. లోపల చక్రం నిమిషానికి లక్షసార్లు తిరిగొచ్చింది. టక్కున ఆపితే దాని నూనె మాడుతుంది. చల్లారనివ్వాలి."

"చూశావా! రెండు మెట్లెక్కి ఆయాసపడే మనిషిలాగా, కూర్చోబెట్టి విసనకర్ర విసరాలి. ఏదీ, బానెట్ ఎత్తు. ఆ అపురూపమైన చక్రం దర్శనం చేసుకుంటా."

కోర్బినియన్ బానెట్ ఎత్తాడు. అది చూసి ఆలోయిస్ కూడా తన ఇంజను వేసి, బానెట్ ఎత్తాడు. ఇద్దరి తలలూ లోపలికి దూరాయి. సరిగ్గా అప్పుడే ఆఫ్రా వెనక తలుపు తెరుచుకుని, గౌను రెండు చేతులా ఎత్తిపట్టుకుని దిగింది.

"నేను జెన్జి అత్త దగ్గర బాత్‌రూముకి వెళ్ళొస్తా. ఈ గౌనుతో టైము పడుతుంది. వినిపించిందా?"

"ఊఁ," అన్నారు ఇద్దరూ. విన్నది మాత్రం ఒకరి ఇంజను ఒకరు.

"కొండెక్కేకొద్దీ గాలి పలచబడుతుంది బావా," అన్నాడు కోర్బినియన్. "నీది ఉన్న గాలితో సర్దుకుని, సగం ప్రాణంతో ఈడుస్తుంది. నాది ఆ పలచని గాలినే పోగుచేసి, కుక్కి, మింగుతుంది. పైగా పెట్రోలు తక్కువ."

"ఒకరు నోట్లో కుక్కితే తినేది పసిపిల్లాడు. నాది పెద్దమనిషి, తన చేత్తో తాను తింటుంది. కాలు ఎంత నొక్కితే అంత, తక్కువా కాదు, ఎక్కువా కాదు. ఆ గొంతు విను. పాడుతోంది! నీది ఈలేస్తోంది."

"పాడుతోందట! ఒరేయ్ నాయనా, గాలి ఊదించుకోవడం అంత నామోషీ అయితే, చర్చిలో నీ ఆర్గాన్ కింద ఏముందో చెప్పు. కరెంటు మోటారు పెట్టి గాలి తోయడం లేదూ? ముప్ఫై ఒక్క ఏళ్ళుగా నువ్వు వాయిస్తున్నది టర్బో కాక మరేమిటి?"

ఆలోయిస్ ముఖం ఎర్రబడింది. కారును ఏమన్నా పడేవాడు, ఆర్గాన్‌ని అంటే పడడు. ఆయన బానెట్ దభీమని వేశాడు. కోర్బినియన్ కూడా అంతకంటే గట్టిగా వేశాడు. ఇక మాటల్లేవు.

కోర్బినియన్ వెనక సీటు చూసుకున్నాడు. ఖాళీ. తన సగం దారి అయిపోయింది, పిల్ల దిగి మామయ్య కారెక్కింది అనుకున్నాడు. ఆ కారుకి తెరలు దించి ఉన్నాయి కాబట్టి లోపల ఎవరున్నదీ కనబడదు. ఆయన రివ్వున బయల్దేరాడు. ఆలోయిస్ చూస్తే తన వెనక సీటు ఖాళీ. పిల్ల దిగడం ఆయన చూడనే లేదు. "దగాకోరు! దింపకుండానే పట్టుకుపోతున్నాడు!" అని పళ్ళు నూరుకుని వెంటపడ్డాడు. వెనకనుంచి దూసుకొస్తున్న ఆ కారును అద్దంలో చూసి కోర్బినియన్, "పెళ్ళికూతుర్ని పెట్టుకుని నన్ను దాటిపోదామనా!" అని ఇంకా తొక్కాడు. చదునులో టర్బో ముందుకు పోయేది, మలుపులో ముసలిది వచ్చి తోక పట్టుకునేది. మనిషన్నవాడు ఎవరైనా ఒక్క మాట అడిగి ఉంటే ఈ కథ ఇక్కడే ముగిసేది.

పదకొండుకు నాలుగు నిమిషాల ముందు ఇద్దరూ చర్చి చేరారు. ఒకరి ముఖం ఒకరు చూసుకోలేదు. ఆలోయిస్ పక్క మెట్లమీదుగా నేరుగా పైకెక్కి ఆర్గాన్ ముందు కూర్చున్నాడు. కోర్బినియన్ వెళ్ళి ట్యూబా మెడకు తగిలించుకున్నాడు.

పదకొండు గంటలు కొట్టాయి. అన్నీ ఉన్నాయి, పెళ్ళికూతురు లేదు. మరొక చోట అయితే ఈపాటికి ఏడుపులు మొదలయ్యేవి. ఇక్కడ జనం నిమ్మకు నీరెత్తినట్టు కూర్చున్నారు. పెళ్ళిరోజున పెళ్ళికూతుర్ని స్నేహితులు ఎత్తుకుపోయి ఏదో ఒక హోటల్లో దాచడం, పెళ్ళికొడుకు వెతుక్కుంటూ పోయి, వాళ్ళు తిన్నదీ తాగినదీ తీర్చి విడిపించుకోవడం ఆ కొండల్లో తాతల నాటి ఆచారం.

"మామూలుగా భోజనాలయ్యాక కదా ఎత్తుకెళ్ళేది?" అన్నాడు ఫాదర్ ఎమ్మెరమ్ గడియారం చూసుకుంటూ.

"ఈ కాలం కుర్రాళ్ళకు దేనికీ ఓపిక లేదు ఫాదర్," అంది ముందు వరసలో ఉన్న ఒక ముసలమ్మ. "పొద్దున సంతకాలు అయిపోయాయిగా. చట్టప్రకారం పెళ్ళామే. ఎత్తుకెళ్ళొచ్చు."

క్విరిన్ ఆచారం తప్పని పిల్లాడు. తోడి పెళ్ళికొడుకు బార్తెల్‌ని పిలిచి, వాడి అగ్గిపెట్టంత పాత కారులో హోటళ్ళు వెతకడానికి కొండ దిగిపోయాడు. ఇప్పుడు పెళ్ళికొడుకు కూడా లేడు.

వాల్లి మాత్రం బెంచీ మీంచి లేచింది. బ్యాండు దగ్గరికి వెళ్ళింది.

"కోర్బినియన్, ఆఫ్రా ఏది?"

"నన్నడుగుతావేం వదినా? మీ అన్నయ్య కారులో వచ్చిందిగా."

ఆమె గౌను ఎత్తిపట్టుకుని ఆర్గాన్ మెట్లెక్కింది.

"అన్నయ్యా, ఆఫ్రా ఏది?"

"నీ ముద్దుల మరిదిని అడుగు! సగం దారని చెప్పి మొత్తం దారి కొట్టేశాడు."

వాల్లి చెక్క రెయిలింగు పట్టుకుని నిలబడింది. "అయితే నా బిడ్డను రోడ్డు మీద వదిలేసి వచ్చారన్నమాట! మామా బాబాయీ ఇద్దరూ, రెండు కార్లూ, పది సిలిండర్లూ కలిసి!" అంది. ఆ చర్చిలో గొంతు బాగా పలుకుతుంది కాబట్టి చివరి బెంచీ వరకూ వినిపించింది. ఆలోయిస్ చేతులు ఆర్గాన్ మీటల మీద పడి ఒక ఘోరమైన శబ్దం వచ్చింది. పన్నెండింటికల్లా ఆఫ్రా రాకపోతే పెళ్ళి అక్టోబరుకు పోతుంది, అదీ తన మూలంగా. ఆయనకు నిజంగా భయం వేసింది.

"ఒక్క కారులో పోండి!" అని వాల్లి అరుస్తూనే ఉంది. ఇద్దరూ రెండు కార్లలో పోయారు.

ఈలోగా సగం దారిలో జరిగిందేమిటంటే, హోటల్ బయట బెంచీ మీద ఆఫ్రా, మీగడ పోసిన యాపిల్ రొట్టె తింటూ కూర్చుని ఉంది. ఫోను బాబాయి కారులో ఉంది. మొదట ఏడుపొచ్చింది, తర్వాత కోపమొచ్చింది, ఆ తర్వాత ఆకలేసింది. క్విరిన్ దిగి వచ్చి, "దొరికావు! ఎత్తుకొచ్చినవాళ్ళు ఎక్కడ?" అన్నాడు.

"ఎత్తుకు రావడం కాదు, దింపేసి పోయారు. మా మామయ్యా, బాబాయీ."

జెన్జి నడుము మీద చేతులేసుకుని వచ్చింది. తన హోటల్లో పెళ్ళికూతురు దొరికింది కాబట్టి ఇది ఎత్తుకురావడమే, ఆచారం ఆచారమే అంది. రొట్టెతో పాటు, ఇందాకటినుంచీ ఈ వేడుక చూస్తూ బీరు తాగిన పన్నెండు మంది కొండెక్కే యాత్రికుల లెక్క కూడా అందులోదే అంది. క్విరిన్ జేబులు తడుముకుంటుంటే ఆఫ్రా ఆపింది.

"అత్తా, ఎత్తుకొచ్చిన దొంగలు కాసేపట్లో వస్తారు. వాళ్ళ దగ్గరే వసూలు చెయ్యి. వదలకు."

అగ్గిపెట్టె కారు బుడుబుడుమంటూ కొండెక్కింది. మూడో మలుపులో ఎదురుగా రెండు పెద్ద కార్లు దిగాయి. ఆఫ్రా కిటికీలోంచి మేలిముసుగు ఊపింది. ముందు కారులోని కోర్బినియన్ కళ్ళు అద్దంలో ఉన్నాయి, బావ ఎంత వెనకబడ్డాడా అని. వెనక కారులోని ఆలోయిస్ కళ్ళు ముందు కారు తోక మీద ఉన్నాయి. తెల్లటి గౌనూ, గజం పొడుగు ముసుగూ ఇద్దరికీ కనబడలేదు.

హోటల్ ముందు ఇద్దరూ ఒకేసారి దూకారు. కోర్బినియన్ ఇంజను మళ్ళీ చల్లారుతూ అలాగే తిరుగుతోంది.

"మా పిల్ల ఏది?" అన్నాడు ఆలోయిస్.

"పెళ్ళికొడుకు వచ్చి విడిపించుకుపోయాడు. మీరేనా దొంగలు?" అంటూ జెన్జి ముందు తిరుగుతున్న ఇంజను ఆపి ఆ తాళం తీసుకుంది, తర్వాత రెండో తాళం. "ఊరికే ఇంజను తిప్పడం నేరం, తెలుసా? లెక్క తీర్చి తాళాలు పట్టుకెళ్ళండి."

ఇద్దరూ జేబులు తడుముకున్నారు. పెళ్ళికని ఆ కొండల ఆచారం ప్రకారం వేసుకున్న తోలు నిక్కర్లలో పర్సు పట్టే జేబు లేదు. పర్సులు భార్యల చేతిసంచుల్లో, చేతిసంచులు చర్చిలో ఉన్నాయి. ఫోను చేస్తే ఎవరూ ఎత్తలేదు. చర్చిలో ఫోన్లు ఆపేస్తారు.

"నడిచి పోతాం," అన్నాడు కోర్బినియన్.

"గంటన్నర ఎక్కాలి," అంది జెన్జి. "డబ్బు వచ్చేదాకా ఇవి ఒలవండి, మధ్యాహ్నానికి కావాలి." అంటూ ఒక బుట్టెడు బంగాళాదుంపలూ, రెండు కత్తులూ తెచ్చి ముందు పెట్టింది. పిట్టపోరు పిట్టపోరు పిల్లి తీర్చిందని ఊరికే అనలేదు.

సగం బుట్ట అయ్యేసరికి కొండమీద గంటలు మోగాయి. పెళ్ళి అయిపోయింది. ఆర్గాన్ లేకుండానే అయిపోయింది. ట్యూబా లేకుండానే అయిపోయింది. ఆలోయిస్ కత్తి కింద పెట్టి చేతివెనకతో కళ్ళు తుడుచుకున్నాడు. ఉల్లిపాయలైనా కావు, నెపం చెప్పుకోవడానికి.

"ఆ పిల్ల ఆరేళ్ళప్పటినుంచీ అనుకుంటున్నా బావా, దాని పెళ్ళికి నేనే వాయించాలని," అన్నాడు.

 కోర్బినియన్ బావ చేతిలోని దుంప తీసుకుని తానే ఒలిచాడు.

పన్నెండూ పదికి పెళ్ళి బృందం కొండ దిగుతూ హోటల్ ముందు ఆగింది. ఫాదర్ ఎమ్మెరమ్ తన కారులోంచి చేయూపి, జ్ఞానస్నానానికి దూసుకుపోయాడు. ఆఫ్రా గౌను ఎత్తిపట్టుకుని లోపలికొచ్చి, దుంపల ముందు తలలొంచుకుని కూర్చున్న ఇద్దరినీ చూసింది. తిడదామని దారి పొడుగునా కూడబెట్టుకున్న మాటలు గొంతు దాకా వచ్చి, నవ్వుగా బయటపడ్డాయి. జెన్జికి లెక్క తీర్చి రెండు తాళాలూ తీసుకుంది. దొంగల్ని పెళ్ళికూతురు విడిపించుకోవడం ఆ కొండల్లో అదే మొదలు.

"నువ్వు లేకపోతే ఎలా జరిగింది తల్లీ, పాటలూ అవీ?" అని తడబడ్డాడు ఆలోయిస్. "అదే, నేను లేకపోతే."

"అందరం గొంతెత్తి పాడాం మామయ్యా. ఫాదర్‌గారు చాలా బాగుందన్నారు."

ఆ మాట ఆయన జీర్ణించుకునేలోగా బార్తెల్ అందరికీ బీరు పోయించి, పెళ్ళికూతుర్ని అడిగాడు. "ఇంతకీ ఒక కారులో ఎక్కావు, ఇంకో కారును చూశావు. చెప్పు, ఏ ఇంజను మంచిది? ఊదించుకునేదా, పీల్చుకునేదా?"

 ఇద్దరు బావలూ తలలెత్తారు.

"నేను ఎక్కానో లేదో చూసుకుని బయల్దేరే ఇంజను ఏదైనా మంచిదే," అంది ఆఫ్రా.

అలాంటి ఇంజను ఇంతవరకూ ఎవరూ తయారు చెయ్యలేదని బావలిద్దరూ చాలాసేపు చర్చించి, జీవితంలో మొదటిసారి ఒక్క మాట మీదికి వచ్చారు.