కారు రాకముందు పట్టిన జాగా

సోమలింగం చేతికి లొంగని యంత్రం భూమ్మీద ఇంకా పుట్టలేదు. సూరత్‌లో, ఉధనాలో, అతను మేస్త్రీగా ఉన్న కార్ఖానాలో సాంచా, అంటే పవర్‌లూమ్ మగ్గం, మొరాయించిందంటే అతను దాని పక్కన నిలబడి గొంతు సవరించుకుంటే చాలు, అది భయపడి నడిచేది. హాలునిండా మగ్గాలు మోగుతుంటే, ఏ మగ్గానికి ఏ నట్టు వదులైందో డిండోలిలోని తన ఇంట్లో భోంచేస్తూ చెప్పేవాడు. ఇక కారంటారా, కళ్ళు మూసుకుని నడిపేవాడు.

అంతటి సోమలింగం ఆ ఆదివారం పొద్దున్నే తలంటుకుని, కొత్త చొక్కా తొడుక్కుని, బూడిద గుమ్మడికాయ, నిమ్మకాయలు, బంతిపూల దండ సంచిలో వేసుకుని కారు తెచ్చుకోవడానికి తయారయ్యాడు. భోజనాల వేళకల్లా కొత్త కారు తమ అపార్ట్‌మెంట్ సొసైటీలో మెట్ల పక్కన నిలబడాలి. అదీ పథకం.

మెట్ల పక్కనే ఎందుకంటే, కరోనా రెండో విడతలో అతని తల్లి బుచ్చవ్వకు ఊపిరాడక ప్రాణం మీదికి వస్తే ఒక్క ఆటో కూడా గల్లీలోకి రానంది. సోమలింగం ఆమెను వీపున వేసుకుని మెయిన్‌రోడ్డు దాకా మోసుకెళ్ళాడు. ముసలమ్మ బతికి బయటపడింది గానీ కాళ్ళలో సత్తువ పోయింది. ఆసుపత్రి వరండాలోనే ఆమె తల మీద చెయ్యి పెట్టి ఒట్టేశాడు. "అవ్వా, ఇగ సూడు. నువ్వు మెట్టు దిగంగనే కార్ల కాలు వెట్టాలె. గట్ల చెయ్యకుంటే నేను సోమలింగాన్నే కాదు." ఆమెను ఇంటికి తెచ్చిన వారంలోనే కారు బుక్ చేశాడు.

చిక్కల్లా జాగాతోనే. మెట్ల పక్కన ఖాళీగా మిగిలిన జాగా ఒక్కటే. ఎవరి బండి ముందొచ్చి నిలబడితే జాగా వాళ్ళదేనని సొసైటీ ఛైర్మన్ జయంతీభాయ్ తేల్చి చెప్పాడు. పై అంతస్తులో ఉండే కమలాకర్ కూడా దాని మీదే కన్నేసి, ఇంకో షోరూమ్‌లో ఇంకో కారు బుక్ చేశాడు. కమలాకర్ సోమలింగం భార్య విజయరాణికి పుట్టింటి ఊరివాడు, వరసకు అన్న. అందుచేత సోమలింగాన్ని బావా అని పిలిచే హక్కూ, ఆ హక్కు అడ్డం పెట్టుకుని ఏడిపించే తీరికా అతనికి పుష్కలంగా ఉండేవి.

సోమలింగం గేటు దాటకముందే షోరూమ్ నుంచి ఫోనొచ్చింది.

"సార్, కారంతా తయారే. లోపల పెట్టే చిప్ ఒక్కటే రాలేదు. ప్రపంచమంతా చిప్‌లకు కరువొచ్చింది సార్."

"ఎంతుంటది గది?"

"గోరంత సార్."

"గోరంతదాని కోసం ఏనుగసొంటి కారును ఆపుతరా? ఆ ముక్కేందో నా కార్ఖానకు పంపు, సాయంత్రంకల్ల చేసిస్త."

"ఒక్క వారం ఆగండి సార్" అని అవతలివాడు ఫోను పెట్టేశాడు. ఆ వారం మాట వాడు అప్పటికి ఎన్ని వారాలుగా చెబుతున్నాడో వాడికే గుర్తులేదు.

మెట్ల మీద పళ్ళు తోముకుంటున్న కమలాకర్ ఇదంతా చెవులారా విన్నాడు.

"ఏం బావా, గుమ్మడికాయ చంకల వెట్టుకొని నిలవడ్డవ్? ఇయ్యాల పులుసు వెడ్తుందా మా చెల్లె?" అన్నాడు. "నా కారైతే గీ వారంల పక్కా అంట. నీది వచ్చినంక చెప్పు, ఏడన్న చెట్టు కింద జాగ సూద్దాం."

సోమలింగం తువ్వాలతో జవాబు చెప్పాడు. మన దిక్కున బస్సు ఆగీ ఆగకముందే కిటికీలోంచి తువ్వాల విసిరి సీటు పట్టడం అందరికీ తెలిసిన సంగతే. అలా పడ్డ తువ్వాలను పక్కకు తీసి కూర్చున్న మొనగాడు మన జిల్లాల్లో లేడు. సోమలింగం భుజం మీది తువ్వాల తీసి, దులిపి, ఆ జాగా నడిమధ్య పరిచి, నాలుగు మూలలా నాలుగు ఇటుకలు పెట్టాడు. కమలాకర్ దాన్ని చూసి ముఖం మాడ్చుకున్నాడు గానీ వేలితో కూడా తాకలేదు. బస్సెక్కి పెరిగినవాడు కదా.

అయితే కాంతాబెన్‌కు ఈ మర్యాద తెలియదు. ఆమెది రెండో అంతస్తు. ఆమె కిటికీ కిందే ఆ జాగా. ఎవరింటి తీగ మీదనుంచో తువ్వాల జారిపడిందనుకుని, పుణ్యాత్మురాలు, దాన్ని ఉతికి, ఆరేసి, ఇస్త్రీ చేసి తెచ్చి విజయరాణి చేతిలో పెట్టింది. సోమలింగం మళ్ళీ పరిచాడు. ఆమె మళ్ళీ ఉతికింది. మూడోసారి ఇస్త్రీ మడత అందిస్తూ విజయరాణిని పక్కకు పిలిచి, "మీ ఆయన కిందికి బట్టలు విసిరేస్తున్నారు, ఇటుకలు కూడా! మనసులో ఏమైనా దిగులా?" అని హిందీలో మెల్లగా అడిగింది.

"ఇజ్జత్ తీస్తున్నవ్ గదయ్యా" అని విజయరాణి ఇంట్లోకి వచ్చి మండిపడింది. "కారు లేదు, గీరు లేదు. జాగకు కావలి!"

"జాగ పోయినంక కారు తెచ్చి నెత్తి మీద వెట్టుకోవాల్నా?" అన్నాడు సోమలింగం.

ఆ మాటల సందులో కమలాకర్ ఖాళీగా కనిపించిన జాగాలో ఏకంగా దుప్పటి పరిచేశాడు. సోమలింగం పరుగున వచ్చి దుప్పటి మీద తువ్వాల వేశాడు. తువ్వాల మీద కమలాకర్ లుంగీ వేశాడు. అప్పుడే గేట్లోకి అడుగుపెట్టిన జయంతీభాయ్ ఆ గుట్టను చూసి నిలబడిపోయాడు.

"ఆ శూ ఛే, సోమ్‌భాయ్? ఏమిటిది? ఇది పార్కింగా, ధోబీఘాటా? బట్టలూ గిట్టలూ నడవవు ఇక్కడ. ఉంటే బండి ఉండాలి, లేకపోతే మనిషుండాలి!"

పెద్దాయన కోపంలో అన్నమాట అది. సోమలింగం దాన్ని చట్టంగా తీసుకున్నాడు. పావుగంటలో నులకమంచం కిందికి దిగింది. మంచం మీదికి సోమలింగం ఎక్కాడు.

కార్ఖానాలో నూలు రాక సగం మగ్గాలు ఎలాగూ ఆగిపోయి ఉన్నాయి. సెలవు పెట్టడం కష్టం కాలేదు. ఇక అతని తిండి, పడక, పొద్దుపోకా అన్నీ అక్కడే. వాన వస్తే నెత్తిన ప్లాస్టిక్ పట్టా కప్పుకునేవాడు తప్ప లేచేవాడు కాదు. మాస్కు లేదని జయంతీభాయ్ పెట్టే గొడవ పడలేక మూతికి అదీ తగిలించుకున్నాడు.

విజయరాణి అతనితో మాటలు మానేసింది. భోజనం మాత్రం మానిపించలేదు. నలుగురూ తన ముఖం చూడకుండా కొంగు ముక్కు దాకా లాక్కుని, దూరంగా ఉన్న ఇటుక మీద కంచం పెట్టి, వెనక్కి తిరిగి చూడకుండా మెట్లెక్కేది. సోమలింగానికి మగ్గాల దుమ్ము మింగీ మింగీ వచ్చిన దగ్గు ఒకటుంది. కార్ఖానాలో దానికి సైరన్ అని పేరు. అన్నం ముందు ఒకసారీ, తిన్న తర్వాత ఇంకోసారీ అది మోగేది.

కాంతాబెన్ ఇదంతా కిటికీలోంచి చూస్తోంది. మగమనిషి ఇల్లు విడిచి ఒంటరిగా మంచం పట్టాడు. మూతికి మాస్కు. పెళ్ళాం కంచం దూరంగా పెట్టి ముక్కు మూసుకుని పారిపోతోంది. పైగా ఆ దగ్గు! "హే భగవాన్!" అనుకుని ఆమె మున్సిపాలిటీకి ఫోను చేసింది. సాయంత్రానికల్లా సొసైటీలో కిటికీలన్నీ మూతపడ్డాయి. పాలవాడు గేటు దగ్గరే ఆగి పాకెట్లు లోపలికి విసిరాడు. జయంతీభాయ్ తన బాల్కనీలోంచే చేతులెత్తి దండం పెట్టాడు. ఉన్నట్టుండి ఇంత మర్యాద ఎందుకో సోమలింగానికి అర్థం కాలేదు.

మర్నాడు తెల్ల కోట్లు తొడుక్కున్న మనుషులు బండిలో దిగారు. కాంతాబెన్ వాళ్ళకు చెప్పవలసిందంతా ముందే చెప్పి ఉంది. అతను వారంగా ఇంట్లో అడుగుపెట్టలేదు గనుక ఇంట్లోవాళ్ళకు భయం లేదని కూడా హామీ ఇచ్చింది.

"దగ్గు ఎప్పటినుంచి?" అని ఒకాయన మంచానికి దూరంగా నిలబడి అడిగాడు.

"ముప్పై ఏండ్ల సంది."

"పరాచికాలొద్దు."

సోమలింగానికి కోపం తన్నుకొచ్చింది. నాకు ఏ రోగమూ లేదు, ఎవడు చెప్పాడు నీకు అని లేవబోయాడు. అప్పుడే గేటు అవతల హారన్ మోగింది. పూలదండ వేసుకున్న కొత్త కారు, దాన్ని నడుపుతూ కమలాకర్! అదే క్షణంలో మున్సిపాలిటీ బండిలోంచి ఇద్దరు మనుషులు వెదురు కర్రలు దించుతున్నారు.

"గవి ఎందుకు?" అన్నాడు సోమలింగం.

"నీ చుట్టూ కడతాం. పరీక్ష ఫలితం వచ్చేదాకా ఇందులోకి ఎవరూ రాకూడదు."

"ఎవ్వలు రావద్దా?"

"ఎవ్వరూ."

"కార్లు గిట్ట?"

కోటు మనిషి అతన్ని వింతగా చూశాడు. "పురుగు కూడా రాకూడదు."

సోమలింగం నెమ్మదిగా వెనక్కి వాలాడు. దుప్పటి గడ్డం దాకా లాక్కున్నాడు. అప్పుడు దగ్గాడు చూడండి ఒక దగ్గు, డిండోలి పావురాలన్నీ లేచి, ఊరి అవతల ఎక్కడో ఉన్న కామ్‌రేజ్‌లో వాలాయి. ముక్కులో పుల్ల పెడుతుంటే కిక్కురుమనలేదు. చుట్టూ వెదుళ్ళు లేచాయి, ఎర్ర పట్టీ పడింది, దాని మీద సర్కారు కాగితం అతికింది.

కమలాకర్ కారు ముక్కు వెదురు దగ్గర ఆగిపోయింది.

"బావా, గిది అన్యాలం."

"పానం బాగలేదు బామ్మర్దీ. జర దూరం జరుగు" అన్నాడు సోమలింగం నీరసంగా.

కమలాకర్ పళ్ళు నూరుకుంటూ కారును వెనక్కి తిప్పి, పక్క వీధిలో తెలిసినవాళ్ళ గోడ పక్కన పెట్టుకున్నాడు.

సోమలింగం సంబరం మర్నాటి పొద్దుటిదాకా నిలిచింది. అప్పుడు షోరూమ్ నుంచి ఫోనొచ్చింది. చిప్ వచ్చిందట, కారు తయారట. ఇవాళ తీసుకోకపోతే వెనక కాచుకున్నవాళ్ళకు ఇచ్చేస్తారట.

"విజయా!" అని సోమలింగం వెదుళ్ళలోంచి కేకేశాడు.

కిటికీ తెరుచుకుంది. "ఏంది?"

"కారు వచ్చింది. నువ్ పోయి తీస్కరా."

"నాకు నడపొస్తదా?"

"రాదు."

"పోనీ, కర్రలు లేకుంటే నువ్ తెస్తుంటివా? నీకొస్తదా?"

సోమలింగం కళ్ళు మూసుకుని నడిపేవాడని మొదట్లో రాశాను గదా. కళ్ళు తెరిచి నడపడం మాత్రం అతనికి రాదు. వాస్తవానికి అతను స్టీరింగ్ పట్టుకున్నది ఒకే ఒక్కసారి. అదీ చిన్నప్పుడు, జాతరలో, రంగులరాట్నానికి బిగించిన రేకు కారుది. కారొచ్చాక నేర్చుకోవచ్చులే అనుకున్నాడు.

గల్లీలో కారు నడపడం వచ్చిన మనిషి ఒక్కడే ఉన్నాడు. అతను అప్పటికే మెట్ల మీద కూర్చుని చాయ్ తాగుతున్నాడు.

"బామ్మర్దీ" అన్నాడు సోమలింగం.

"ఎక్కువ మాట్లాడకు బావా. ఆయాసం వస్తది."

"నీ కాళ్ళు మొక్కుత."

"కర్రలు అడ్డమున్నయ్. ఆడికెల్లే మొక్కు."

సోమలింగం అక్కడినుంచే మొక్కాడు. కమలాకర్ తీరిగ్గా చాయ్ పూర్తిచేసి, "మా చెల్లె మొఖం సూసి పోతున్న" అని లేచాడు. నా కోసం కొన్న కారుకు నేను లేకుంటే ఎట్లా అని బుచ్చవ్వ కూడా పట్టుబట్టింది. విజయరాణీ, కమలాకరూ చెరో పక్క పట్టుకుని ఆమెను కిందికి దించారు. గుమ్మడికాయ సంచి ఆమె ఒళ్ళో పెట్టారు.

సాయంత్రం ఎర్రకారు నిగనిగలాడుతూ గేట్లోకి వచ్చింది. ముందు సీట్లో బుచ్చవ్వ మహారాణిలా కూర్చుని ఉంది. కారు వెదుళ్ళ ముందు ఆగింది. కమలాకర్ అద్దం దించాడు.

"ఏడ వెట్టాలె బావా?"

సోమలింగం తన జాగాను చూశాడు. తన కారును చూశాడు. వెదుళ్ళను చూశాడు.

"పురుగు గూడ రావద్దన్నరట గద" అన్నాడు కమలాకర్, అద్దం పైకి లేపుతూ.

కారు వెళ్ళి వెళ్ళి మెయిన్‌రోడ్డు మీద ఆటోల అడ్డా పక్కన నిలబడింది. ఒకనాడు తల్లిని వీపున వేసుకుని అతను చేరింది అక్కడికే.

ఏం పరవాలేదనుకున్నాడు సోమలింగం. ఫలితం వచ్చేదాకానే గదా. వచ్చింది, ఏ జబ్బూ లేదని. మున్సిపాలిటీవాళ్ళు వెదుళ్ళు పీక్కుపోయారు. సోమలింగం దుప్పటి మడిచి, "బామ్మర్దీ, బండి తే! ఉరుకు!" అని కేకేసేలోగా సొసైటీ జనమంతా గుంపుగా ఎదురొచ్చింది. ముందు జయంతీభాయ్, ఆయన చేతిలో శాలువా, కొబ్బరికాయ, పేడా మిఠాయిల డబ్బా.

"ఈ రోజుల్లో జబ్బు దాచుకుని తిరిగేవాళ్ళే అందరూ" అన్నాడు జయంతీభాయ్. "మన సోమ్‌భాయ్ దగ్గు రాగానే ఇల్లు విడిచాడు. ఎండకు ఎండాడు, వానకు తడిశాడు. మనందరి కోసం!"

కాంతాబెన్ కళ్ళు తుడుచుకుంది. శాలువా సోమలింగం భుజాల మీద పడింది.

"అందుకే కమిటీ తీర్మానించింది. ఇకమీదట ఈ జాగాలో ఏ బండీ నిలబడదు. ఎవరికి అనుమానం వచ్చినా వచ్చి ఇక్కడే, ఈ మంచం మీదే ఉండాలి. దీనికి సోమ్‌భాయ్ పేరే పెడుతున్నాం!"

చప్పట్లు మోగాయి. నిజం చెబితే సర్కారును మోసం చేసినట్టు. చెప్పకపోతే జాగా పోయినట్టు. సోమలింగం ఏదో ఒకటి అందామని నోరు తెరిచాడు. అందులో జయంతీభాయ్ పేడా పెట్టాడు. కమలాకర్ మాత్రం నవ్వలేదు. పెద్దమనిషిలా చేతులు కట్టుకుని ఒక పక్కన నిలబడ్డాడు.

"సన్మానం మంచిగనే అయింది" అంది విజయరాణి మెట్లెక్కుతూ. "మంచమే పాయె."

మర్నాడు పొద్దున బుచ్చవ్వ చేతిలో పాతగుడ్డతో, కమ్మీ పట్టుకుని ఒక్కొక్క మెట్టే దిగుతుంటే సోమలింగం చూసి అదిరిపడ్డాడు.

"ఏడికి అవ్వా?"

"నా కారు కాడికి. ఆటోలోల్లు చేతులు వెడ్తరు. గీతలు వడ్తయ్."

నిలుస్తూ, కూర్చుంటూ ముసలమ్మ మెయిన్‌రోడ్డు దాకా నడిచింది. కారు నలువైపులా తుడిచింది, ఆటోవాళ్ళను తిట్టింది, కాసేపు సీట్లో కూర్చుంది, మళ్ళీ నడిచి వచ్చింది. సాయంత్రం ఇంకోసారి వెళ్ళింది. ఇక రోజూ అంతే. మాత్రలకు లొంగని కాళ్ళు గీతల భయానికి లొంగాయి. దారిలో ఆమె కూర్చోవడానికి సోమలింగం పీట పట్టుకుని వెనకాలే నడిచేవాడు.

"మెట్టు దిగంగనే కార్ల కాలు వెట్టిస్తనని ఒట్టేసిన గదనే అవ్వా" అన్నాడు ఒకరోజు దిగులుగా.

"ఒట్టు నువ్వేసినవ్ కొడకా, నేనెయ్యలే. నడువు, ఎండ ముదురుతున్నది" అంది బుచ్చవ్వ.

జరిగింది ఇంతే. ఇందులో నేను కల్పించిన ముక్క ఒక్కటే, కమలాకర్ నవ్వలేదన్నది.