జడలబర్రెతో ఇంటర్వ్యూ

ఆ రోజు ఉదయం బెర్మెట్ వేసుకున్న పథకం చాలా చిన్నది. పదకొండింటికి ఫోనులో వీడియో ఇంటర్వ్యూ. ఆలోపు ముందుగది ఊడ్చుకుని, వెనక గోడకి మంచి తివాచీ తగిలించి, అమ్మని వంటింట్లోకీ జుమాబెక్ మామయ్యని ఇంటి బయటికీ పంపించెయ్యాలి. వంటింట్లోనే ఉంటానని అమ్మ అనార్కుల్ వెంటనే ఒప్పుకుంది. మామయ్యతోనే వచ్చింది చిక్కు. పక్క వాకిలే ఆయనది. పొద్దున టీ మాత్రం అక్కగారింట్లోనే తాగుతాడు, తాగుతూ మూడు వీధులకి వినపడేలా మాట్లాడతాడు.

ఆయనకి ఈ చదువు సంగతి ముందురోజే చెప్పారు. స్విట్జర్లాండులో ఒక విశ్వవిద్యాలయం వాళ్ళు డాక్టరేటు చెయ్యడానికి మనిషిని వెతుకుతున్నారు. జడలబర్రెలు తేన్చినప్పుడు బయటికొచ్చే వాయువు గాలిని ఎంత వేడెక్కిస్తుందో తేల్చాలి. నాలుగేళ్ళూ పూర్తి జీతం వాళ్ళే ఇస్తారు.

"తేన్పులు లెక్కపెడితే జీతమా?" అన్నాడు మామయ్య నిర్ఘాంతపోయి.

"లెక్కపెట్టడం కాదు మామయ్యా, కొలవడం."

"ఇన్నేళ్ళుగా మీ అమ్మ చేతి పులావ్ తిని తేన్చుతున్నాను. ఏ దేశంవాడూ నాకొక్క సోమ్ నోటు పంపలేదు."

ఇంటర్వ్యూ వేళకి బెర్మెట్ ఆయన్ని బజారుకి పిండిబస్తా తెమ్మని పంపింది. ఇంట్లో రెండు బస్తాలున్నాయి, అయినా పంపింది.

ఇంటర్వ్యూ అంటే బెర్మెట్‌కి భయం లేదు. రాజధాని బిష్కెక్‌లో రసాయనశాస్త్రం చదివింది, మార్కులన్నీ నిజంగా తనవే. దరఖాస్తులో ఒక్క వాక్యమే ఆమెని కాస్త ఇబ్బంది పెడుతోంది. "నా బాల్యమంతా జడలబర్రెల మధ్యే గడిచింది" అని రాసింది. ఆమె తండ్రి బస్సు డ్రైవరు. చిన్నప్పుడు ఆయన పక్కన కూర్చుని నరీన్ పట్నం వెళ్ళి వస్తుంటే కొండ నెత్తిమీద నల్లటి చుక్కలు కనిపించేవి. అవి జడలబర్రెలు. చలికాలంలో ఆ చుక్కల్లో ఒకటి మాంసమై కుండలోకి వచ్చేది. వాటితో ఆమె చుట్టరికం అంతవరకే.

ప్రొఫెసర్ ఎగ్లి నెమ్మదస్తుడు, తెల్లగడ్డం మనిషి. అడిగినవాటన్నిటికీ ఆమె తడుముకోకుండా జవాబు చెప్పింది. ఆయన సంతోషించి, చివరి వడపోతలో ఇద్దరే మిగిలారనీ, ఇద్దర్నీ ఒక్క చిన్న కోరిక కోరుతున్నాననీ అన్నాడు. జంతువు మూతికి తొడుగు పెట్టాల్సిన పని కదా, అది మనిషిని ఎంత దగ్గరికి రానిస్తుందో కళ్ళారా చూడాలి. రేపు ఇదే సమయానికి వాళ్ళింటి జడలబర్రెని ఒకదాన్ని చూపించగలదా?

"తప్పకుండా" అంది బెర్మెట్ నోరు. ఆమె మనసు ఇంకా ఏమీ అనలేదు.

టీ పట్టుకొచ్చిన అనార్కుల్, కూతురి మొహం చూసి ఉద్యోగం పోయిందనే అనుకుంది. సంగతి విన్నాక కూచుండిపోయింది. చాలాసేపు ఆలోచించి, చచ్చిపోయిందని చెప్పెయ్యమంది.

"ఏది చచ్చిపోయిందని చెప్పనమ్మా? బాల్యమంతా ఉన్నవన్నీనా?"

అప్పుడే పిండిబస్తా భుజానేసుకుని వచ్చాడు జుమాబెక్. విన్నాడు, బస్తా దించాడు, ఇందులో కంగారు పడాల్సిందేమీ లేదన్నాడు. పై మేతభూముల్లో తనకి తెలియని కాపరి లేడు. ముసలిదై ఉండాలి, ఒళ్ళు చిన్నదై ఉండాలి, పాలు పితికించుకునే అలవాటుండాలి అని బెర్మెట్ ఒక్కొక్కటే విడమరిచి చెప్పింది. ఆయన ప్రతిదానికీ బుద్ధిగా తల ఊపాడు.

మర్నాడు ఉదయం వాకిట్లో లారీ ఆగింది. వెనక తలుపు తియ్యగానే అందులోంచి చిన్నపాటి కొండ దిగింది. నేలని ఊడుస్తున్న జడలు, బారెడు బారెడు కొమ్ములు. అది పోతు.

చిన్నది తెమ్మంటే ఇదేమిటని అనార్కుల్ అడిగింది.

"అంత దూరదేశం వాళ్ళు చూస్తుంటే బక్కదాన్ని చూపిస్తామా అక్కా? మన అట్‌బాషీ ఊరి పరువేం కావాలి?"

పరువు గురించి ఆయన దారిపొడవునా మాట్లాడుతూనే వచ్చాడని తర్వాత తెలిసింది. టీకొట్టు దగ్గర, స్విట్జర్లాండు వాళ్ళు మా మేనకోడలి జడలబర్రెని చూస్తారు అన్నాడు. అది రొట్టెల కొట్టు దాటేసరికి, స్విట్జర్లాండు వాళ్ళు జడలబర్రెల్ని కొంటున్నారు అయింది. బడి దాటేసరికి, తేన్చే పశువు ఇంట్లో ఉన్న ప్రతివాళ్ళకీ నెలనెలా జీతం ఇస్తున్నారు అయింది. పది దాటేసరికి వీధి నిండా జనం. ఆడవాళ్ళు పండగ రుమాళ్ళు కట్టుకొచ్చారు. ఎదురింటి సత్తర్ తాత ఆవుని తోలుకొచ్చి, ఆవులకి కూడా ఇస్తారేమో ఒక మాట అడిగి చూడమన్నాడు.

అనార్కుల్ చేతులు ముడుచుకు కూర్చోలేదు. వెనక్కాల అందంగా ఉంటుందని తన పెళ్ళినాటి పెద్ద తివాచీని పెరట్లో తాడుమీద ఆరేసింది. పోతుని దాని ముందు నిలబెట్టారు. జుమాబెక్ తాడుని మణికట్టుకి గట్టిగా మూడు చుట్లు చుట్టుకున్నాడు. కొండ కింది వేడి దానికి అలవాటు లేదు. గుర్రుమంటూ రొప్పుతోంది.

ప్రొఫెసర్ ఎగ్లి తెరమీదకి వచ్చి, మొహం తెరకి ఆనేలా జరిగి చూశాడు. తర్వాత మర్యాదగా, దాని పేరేమిటని అడిగాడు.

పేరు సంగతి బెర్మెట్‌కి తట్టనే లేదు. నోటికి దొరికిన మొదటి పేరు అనేసింది. "జుమాబెక్."

మామయ్యకి ఇంగ్లిషు రాదు గాని తన పేరు తెలుసు. ఫోనువైపు తిరిగి, నిటారుగా నిలబడి, నవ్వాడు. జుమాబెక్ వయసెంతని అడిగాడు ప్రొఫెసర్. జుమాబెక్‌కి కోపమెక్కువా? ఎవరినైనా పొడిచాడా? తన పేరు విన్నప్పుడల్లా మామయ్య గుండెమీద చెయ్యి వేసుకుని వంగి నమస్కరించాడు.

"చాలా బావుంది. ఇప్పుడు మీరు దాని మెడమీద చెయ్యి వెయ్యండి" అన్నాడు ప్రొఫెసర్.

బెర్మెట్ ఒక చేత్తో ఫోను పట్టుకుని రెండో చెయ్యి చాపింది. ఆ చెయ్యి జడలకి జానెడు దూరంలో ఉండగా పోతు తల విదిలించింది. కొమ్ము తివాచీకి తగులుకుంది, దాన్ని ఆరేసిన తాడు తెగింది. అనార్కుల్ పెళ్ళినాటి తివాచీ నిండుగా వచ్చి దాని తలమీద పడింది.

కళ్ళకి చీకటి కమ్మిన పోతు ముందుకే నడిచింది. ముందు గేటు ఉంది. కాసేపటికి లేదు. మూడు చుట్ల తాడు వెనకాల జుమాబెక్ మొదట నడుస్తూ, తర్వాత పరిగెడుతూ, తర్వాత ఆ రెండూ కాని తీరులో వెళ్ళాడు. జనం గోడలెక్కారు. తివాచీ కప్పుకున్న కొండ రొట్టెల కొట్టు బల్లని వెంటబెట్టుకుని వీధి మలుపు తిరిగింది. సత్తర్ తాత ఆవు ఎందుకో దాని వెనకే పడింది, జీతం ఇద్దరికీ ఎక్కడ తప్పిపోతుందోనని ఆవు వెనక తాత. అందరి వెనకా బెర్మెట్. ఫోను ఆపాలని గాని, పోతుమీంచి తిప్పాలని గాని ఆమెకి తోచలేదు. చాచిన చెయ్యి చాచినట్టే పట్టుకుని వీధి చివరి ఏటిదాకా పరిగెత్తింది.

ఏటి చన్నీళ్ళు కడుపుకి తగలగానే పోతు ఆగింది. తివాచీ జారి నీళ్ళలో పడి కొట్టుకుపోయింది. నడుం లోతు నీళ్ళలో జుమాబెక్ చతికిలబడి ఉన్నాడు. అప్పుడా పోతు మెడ చాచి, తీరుబడిగా, అట్‌బాషీలో ఎవరూ ఎన్నడూ వినని పొడవైన తేన్పు ఒకటి తేన్చింది.

ఫోనులో ప్రొఫెసర్ కనురెప్ప వెయ్యడం లేదు. ఇక దాచడానికి బెర్మెట్ దగ్గర ఏమీ మిగల్లేదు.

"సర్, ఇది మాది కాదు. ఈ రోజుకి ముందు నేను ఏ జడలబర్రెనీ ముట్టుకోలేదు. ఇప్పుడు కూడా ముట్టుకోలేదు. దీని పేరు జుమాబెక్ కాదు. జుమాబెక్ మా మామయ్య."

"నీళ్ళలో కూచున్నాయనా?"

"అవును సర్."

ఫోను ఆగిపోయింది. సిగ్నలు పోయిందో, ఆయనే ఆపేశాడో తెలియలేదు. ఇంటికొచ్చి ఆమె ఎవరితోనూ మాట్లాడకుండా గోడకేసి తిరిగి పడుకుంది. అమ్మ తివాచీ గురించి ఒక్క మాటా అనకపోవడంతో ఏడుపు మరీ ఎక్కువైంది.

వారం తిరక్కుండా ప్రొఫెసర్ మళ్ళీ ఫోను చేశాడు. ఉద్యోగం మీదే అన్నాడు. రెండో అభ్యర్థి తన జడలబర్రె అంటూ చక్కటి ఫొటో పంపాడట. తీరా చూస్తే అది జడలబర్రెలా బొచ్చు వేలాడే స్కాట్లండు ఆవు. "మీరు అబద్ధమాడారు, కాని పూర్తిగా ఒప్పుకున్నారు. వీధంతా పరిగెత్తినా కెమెరా జంతువుమీంచి తప్పలేదు. పైగా అది కొలవడానికి తగ్గ తేన్పు" అన్నాడు. బెర్మెట్ ఫోను చేతిలో ఉండగానే, వచ్చిందమ్మా అని అరిచింది. ఆయన ఇంకా ఏదో చెప్పబోయాడు గాని, వంటింట్లోంచి అమ్మ కేక వినపడింది, ఆ తర్వాత ఇల్లు ఇల్లంతా ఏడుపులూ నవ్వులూ.

వీడ్కోలు విందు ఘనంగా జరిగింది. గొర్రెని కోశారు. గుర్రం మాంసపు సాసేజీలు దారికి కట్టారు. ఎవరో కొత్త బొచ్చు కోటు తొడిగారు. సత్తర్ తాత అరచేతులు చాచి దీవెన ఇచ్చాడు. నాలుగేళ్ళు కూతుర్ని చూడకుండా ఎలా ఉండాలని అనార్కుల్ వచ్చినవాళ్ళందరి భుజాలమీదా ఏడ్చింది. ప్రయాణం ఖర్చులకని చుట్టాలు చేతిలో పెట్టినదంతా కళ్ళనీళ్ళతోనే పుచ్చుకుంది.

మర్నాడు ప్రొఫెసర్ ఫోను చేసి, ఆ రోజు ఆగిపోయిన మాట పూర్తిచేశాడు. ముందు మూడు వారాలు జ్యూరిక్‌లో శిక్షణ. తర్వాత నాలుగేళ్ళూ జంతువులున్న చోటే పని. ఆ చోటు ఎక్కడో ఆయన ఎంపిక చేసేశాడు కూడా. అట్‌బాషీ పై మేతభూమి. మొదటి జంతువు కూడా ఖాయమైంది, కాపరితో మాట్లాడేశారు. ఏట్లో తేన్చిన ఆ పోతు.

సంగతి విన్న అనార్కుల్ అడిగింది ఒక్కటే.

"అందరి దగ్గరా ఏడ్చేశానే. ఇప్పుడేం చెప్పను?"

మూడు వారాల తర్వాత బెర్మెట్ తిరిగొచ్చింది. వీధిలోకి రాకుండా తిన్నగా కొండెక్కమని అమ్మ ముందే కబురు పెట్టింది. మామయ్య గుర్రమ్మీద సామాను మోసుకెళ్ళాడు. ఆ సాయంత్రం సత్తర్ తాత గోడమీంచి తొంగిచూసి, అమ్మాయి దగ్గర్నుంచి ఏమైనా తెలిసిందా అని అడిగాడు. అనార్కుల్ కొండ వైపు చూడకుండా జవాబు చెప్పింది.

"క్షేమంగా చేరిందట. అక్కడి మనుషులు కూడా అచ్చం మనలాగే ఉన్నారట."