మూత మీద పేరు

ఆ ఉదయం ల్యాబులో పని చాలా చిన్నది. నర్సింగ్ మొదటి సంవత్సరం పిల్లలు తమ వస్తువు దేన్నైనా దూదిపుల్లతో తుడిచి, ఆ పుల్లతో గాజుపళ్లెంలోని జెల్లీ మీద గీతలు గీయాలి. మర్నాటికి అక్కడ బాక్టీరియా చుక్కలు చుక్కలుగా పెరిగి కంటికి కనిపిస్తుంది. "పేరు పళ్లెం అడుగున రాయండి. మూత మీద రాశారో, తాట తీస్తాను!" అంది టీచరమ్మ. తన ఫోను తుడిచి చూపించి, హడావిడిలో తన పేరు మాత్రం మూత మీదే రాసేసింది.

బెంగమ్మ తనతో తెచ్చుకున్న అమ్మ శాలువాను తుడిచింది. బెంగమ్మ అన్నది తోటి పిల్లలు పెట్టిన పేరు. ఇల్లు వదిలి వచ్చినప్పటి నుంచి ఆ శాలువా ఉతకలేదు. ఉతికితే అమ్మ వాసన పోతుంది, ఆ వాసన లేనిదే పిచ్చిపిల్లకు నిద్ర పట్టదు. క్రిములైతేనేం, అమ్మవేగా, కళ్లారా చూసుకుందామనుకుంది. గీతలకు బదులు "అమ్మ" అని రాసింది. కళ్లనిండా నీళ్లతో పేరు కూడా మూత మీదే రాసింది. టీచరమ్మ ఆ రెండు పళ్లేలనూ పక్కపక్కన పెట్టి, మూతలు తీసి, జెల్లీ చిరగలేదని చూసుకుని మళ్లీ మూసింది.

మర్నాడు బెంగమ్మ పేరున్న పళ్లెం నిండా పచ్చగా, పసుపుగా ఓ అడవి మొలిచింది.

"శాలువానా తల్లీ అది, చెత్తబుట్టా?" అని టీచరమ్మ హాస్టల్ వార్డెన్‌ను పిలిపించింది. "తక్షణం ఉడకబెట్టించండి!"

"వద్దు మేడమ్, వాసన పోతుంది!"

"పోవాలనేగా నా ఏడుపు!"

వార్డెన్ శాలువాతో ఆగలేదు. హాస్టల్లోని దుప్పట్లన్నీ ఉడకబెట్టించి, "మీ అమ్మాయి దగ్గర క్రిములు పెరుగుతున్నాయి" అని ఇంటికి ఫోను కొట్టింది. కప్పుకోవడానికి తడిబట్టలు తప్ప ఏమీ మిగలని పిల్లలు బెంగమ్మను దుమ్మెత్తిపోశారు. ఆమెకు అవేవీ చెవికెక్కలేదు. ఉడికిన శాలువాను ముఖానికి హత్తుకుంటే సబ్బు వాసన తప్ప ఏమీ రాలేదు. వెక్కి వెక్కి ఏడ్చింది.

తెల్లారేసరికి అమ్మ దిగింది. "ఏం జబ్బే తల్లీ? నాకెందుకు చెప్పలేదే?" అంటూ నేరుగా ల్యాబులోకే వచ్చేసింది.

"జబ్బు కాదమ్మా, మురికి," అంది టీచరమ్మ. "శుభ్రమంటే ఎలా ఉంటుందో చూడండి. ఇది నా ఫోను!" అని తన పేరున్న పళ్లెం గర్వంగా పైకెత్తింది.

అందులో తెల్లటి చుక్కలు వరుసగా పెరిగి "అమ్మ" అని ఉంది.

మూతలు తారుమారయ్యాయని అందరికీ అర్థమైంది. అడవి ఏ ఫోనుదో కూడా అర్థమైంది. "రోజంతా దాన్నే చెవికి ఆనించుకుంటారే!" అని వెనకనుంచి ఎవరో గొణిగారు.

అమ్మ వంగి చూసింది. "ఈ వంకర రాత నీదేగా," అంది. తన ఒంటిమీది శాలువా తీసి కూతురికి కప్పింది. "ఇది ఉతక్కేం."

బెంగమ్మ అందులో ముఖం దాచుకుని గుండెలనిండా పీల్చుకుంది.

ఇక ఆ హాస్టల్లో ఉడకబెట్టాల్సింది టీచరమ్మ ఫోను ఒక్కటే.